పురుగులింటి మాత్ర

చిక్కబళ్ళాపురం,
10 జూన్ 1967

రామలక్ష్మీ,

మన మేనమామ కొడుకు లక్ష్మణప్ప చింతామణి సంతకు వస్తుంటే ఈ ఉత్తరం, ఒక పొట్లం ఇచ్చి పంపుతున్నాను. పొట్లంలో ఉన్నవి పిల్లలు పుట్టకుండా ఆపే మాత్రలు. మూడు నెలలకు సరిపోతాయి. నేను పనిచేసే ఆస్పత్రి డాక్టరమ్మ బెంగళూరు నుంచి తెప్పించింది.

కిందటి కాన్పు అయ్యాక ఆమె మీ ఆయనతో, "ఇంకొక కాన్పు వస్తే ఈమె దక్కదు" అని చెప్పింది. మునినారాయణ తల ఊపాడు. ఆపరేషన్ అనేసరికి మీ అత్త, "ముగ్గురు ఆడపిల్లలకి ఒకడే మగపిల్లోడు. ఇంకొకడు ఉండాల" అని బెంచీ మీద నుంచి లేచిపోయింది. లూప్ వేస్తే నీకు రెండు నెలలు రక్తం ఆగలేదు, తీసేశాం. ఇక మిగిలింది ఇదే.

రోజుకు ఒకటి, రాత్రి అన్నం తిన్నాక. పాకెట్టు అయిపోయాక కొన్నాళ్ళు ఆపాలి, అప్పుడు బయట కూర్చుంటావు. మళ్ళీ మొదలుపెట్టాలి. మధ్యలో మరిచిపోతే భరోసా లేదు. దీనివల్ల రక్తం పోవడం తగ్గుతుంది, కడుపునొప్పి తగ్గుతుంది, ఒంట్లో కాస్త రక్తం నిలుస్తుంది. చెడు కూడా చెబుతాను. మొదట్లో వికారంగా ఉంటుంది. తల నొస్తుంది. కొందరికి ఒళ్ళు వస్తుంది, ముఖం మీద మంగు వస్తుంది. పిక్క వాచి నొప్పి పుడితే మాత్ర ఆపేసి వెంటనే బస్సెక్కు. బెంగళూరులో ఒకామెకు కాలిలో రక్తం గడ్డకట్టిందట.

మీ ఇంట్లో అందరూ కన్నడ బడిలో చదివినవాళ్ళు. తెలుగు మాట్లాడతారు గాని అక్షరాలు రావు. అందుకే ఇంత విప్పి రాయగలిగాను.

మీ అక్క,
యశోద

*

చింతామణి,
22 ఆగస్టు 1967

యశోదక్కకు,

మొదటి నెల పొద్దున లేస్తే వాంతి వచ్చినట్టుండేది. మళ్ళీ నెల తప్పిందేమోనని అత్త సంతోషపడింది. ఇప్పుడు తగ్గింది. తలనొప్పి అప్పుడప్పుడూ ఉంది. బయట కూర్చున్నప్పుడు మునుపటిలాగా మంచం పట్టడం లేదు.

ఒక సంగతి జరిగింది. మాత్ర మింగుతుంటే అత్త చూసింది.

"ఏమే అది, దినామూ నోట్లో వేసుకుంటాండావు?"

వాకిట్లో పట్టుపురుగుల తట్టలు ఆరబెట్టి ఉన్నాయి. అవి చూసి చెప్పాను. "బయట కూర్చోకుండా ఉండే మాత్ర అత్తా. పురుగులు పొర విడిచి, నాలుగో జ్వరం లేచి ఆబగా తినేటప్పుడు నేను బయట పడితే మేత ఎవరేస్తారు?"

నీకు తెలుసు కదా, బయట చేరిన ఆడది పట్టుపురుగులున్న ఇంటి గడప తొక్కకూడదు. నీడ పడినా పురుగు చెడుతుందంటారు. లూప్ వేయించుకున్నప్పుడు నేను రెండు పంటలకు లోపలికి పోలేదు. కూలీలను పెట్టుకోవలసి వచ్చిందని అత్త ఇప్పటికీ అంటుంది.

ఆమె మాత్ర చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "అట్లాటిది కూడా కనిపెట్టినారా! మా కాలంలో ఉండింటే నేను ఎన్ని పంటలు ఎత్తిందునో. మింగు, మింగు. మరిచిపోతావు, నేను గుర్తు చేస్తా."

ఇప్పుడు రోజూ ఆమే నీళ్ళచెంబు తెచ్చిస్తోంది. ఇంట్లో దీనికి పురుగులింటి మాత్ర అని పేరు పడింది. నవ్వుకో అక్కా.

రామలక్ష్మి

*

చిక్కబళ్ళాపురం,
5 సెప్టెంబరు 1967

రామలక్ష్మీ,

నవ్వాను. డాక్టరమ్మకు చెబితే ఆమె కూడా నవ్వింది. నువ్వు చెప్పింది అబద్ధం కాదు. మింగుతున్నన్నాళ్ళు బయట కూర్చోవు, ఆపిన రెండు మూడు రోజులకు కూర్చుంటావు. కాని సగమే చెప్పావు. ఆ రెండో సగం మీ అత్తకు ఎవరి నోటి ద్వారా తెలిసినా ఆ నీళ్ళచెంబు నీ మీదికే వస్తుంది. ఎవరితోనూ అనవద్దు.

తలనొప్పి వచ్చినప్పుడు కళ్ళు మసకబారుతున్నాయా? దాచకుండా రాయి.

యశోద

*

చింతామణి,
18 జనవరి 1968

అక్కా,

కళ్ళు బాగానే ఉన్నాయి.

ఈసారి పాకెట్లు రెండింతలు పంపగలవా? మా వెనక వీధి మునిలక్ష్మమ్మకు ఐదుగురు పిల్లలు. ఆమె అడుగుతోంది. నోరు జారే మనిషి కాదు.

మల్బరీ తోటకు బావి నీళ్ళు బాగా పారుతున్నాయి. ఒక పంట దించి తట్టలు కడిగేలోగా ఇంకొక పంటకు పురుగుల గుడ్లు, అదే మొట్టెలు, తెస్తున్నారు. నేను, నా తోడికోడలు పుట్టమ్మ, మేమిద్దరమే పురుగులింట్లో. మరిది బయ్యప్పకు చాకవేలు నుంచి తెచ్చిన పిల్ల, నువ్వు పెళ్ళిలో చూశావు. పురుగులు ఆకు కొరుకుతుంటే వాన పడ్డట్టు చప్పుడవుతుంది చూడు, అప్పుడు వాటితో మాట్లాడుతుంది. "మెల్లగా తినండప్పా, మీ నోటికాడిది ఎవురు లాక్కుంటారు? మీకేమన్నా అత్త ఉండాదా?" అంటుంది. అత్త బయట నిలబడి వింటూనే ఉంటుంది.

ఆ పిల్లకు పెళ్ళయి ఏడాది దాటింది, కడుపు పండలేదు. మురుగమల దర్గాకు పోయి వచ్చారు, కైవారం పోయి వచ్చారు. అత్త ఆ పిల్ల ముందే బియ్యం ఏరుతూ, "తిండి మాత్రం ఇద్దరిది తింటాది" అంటుంది.

రామలక్ష్మి

*

చిక్కబళ్ళాపురం,
14 జూన్ 1968

రామలక్ష్మీ,

నిన్న మీ అత్త పుట్టమ్మను మా ఆస్పత్రికి తీసుకువచ్చింది. పిల్లలు లేరని చూపించడానికి. నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

డాక్టరమ్మ చూసేముందు వివరాలు రాసుకునేది నేనే. ఎప్పుడు బయట కూర్చున్నావు, నొప్పి ఉంటుందా, ఏమైనా మందులు మింగుతున్నావా అని వరసగా అడిగాను. పుట్టమ్మ, "మందులేం లేవమ్మా. మీ చెల్లెలిచ్చే మాత్ర ఒకటే. పురుగులింట్లో పనుండే దినాలకు" అంది.

మీ అత్త పక్కనే ఉంది. గర్వంగా కూడా ఉంది. "ఇద్దరు కోడళ్ళకీ నేనే దగ్గరుండి మింగిస్తాను" అని చెప్పింది.

ఏడాదికి ఐదారు పంటలు. ఒక్కొక్క పంటకు నెల. ఆ పిల్లకు ఇంకెప్పుడు కడుపు వస్తుంది? పాతికేళ్ళు నిండలేదు, రెండు చెంపల మీదా మంగు వచ్చింది. మీ అత్త అది చూపించి, "గొడ్డుతనం మొకంలో కనపడతా ఉండాది చూడమ్మా" అంది.

ఆ కాగితంలో 'మందులు ఏమీ లేవు' అని రాశాను. ఎందుకు రాశానో నీకు తెలుసు. డాక్టరమ్మ చూసి, లోపమేమీ కనిపించలేదు, మగవాణ్ణి కూడా పరీక్షకు తీసుకురమ్మంది. మగవాణ్ణి అనగానే మీ అత్త కొంగు దులుపుకుని లేచింది.

రెండింతల పాకెట్లు మునిలక్ష్మమ్మకని నాకు రాశావు. అక్కడ మునిలక్ష్మమ్మ లేదు.

యశోద

*

చింతామణి,
27 జూన్ 1968

అక్కా,

నువ్వు రాసిందంతా నిజమే.

కిందటి దీపావళి ముందు పంటలో పుట్టమ్మ సరిగ్గా నాలుగో జ్వరానికి బయట పడింది. తరువాతి పంట మొదలు కాగానే అత్త నా దగ్గరకు వచ్చి, "చిన్నదానికి కూడా ఒకటియ్యి" అంది. వద్దంటే ఎందుకని అడుగుతుంది. ఒక్క పంటకే కదా అనుకుని ఇచ్చాను. ఆ పంటకు గూళ్ళు బాగా వచ్చాయి. అప్పటి నుంచి ఆమే నా పెట్టె తీసి ఇద్దరికీ చెరొకటి ఇస్తోంది.

పుట్టమ్మను ఎన్ని మాటలంటున్నారో రోజూ వింటున్నాను. చెప్పాలని పొయ్యి దగ్గర కూర్చుంటాను. చెబితే మాత్రలు పొయ్యిలో పడతాయి. మా ఆయన చెడ్డవాడు కాదు, కాని అత్త మాట మీద మాట లేదు. దూరంగా పడుకోమని చెప్పిచూశాను, నాలుగు రోజులు అలిగాడు. నా చిన్నపాపకు ఇంకా మూడేళ్ళు రాలేదు అక్కా. నేను పోతే నా నలుగురికీ ఎవరు నూనె పెడతారు? పుట్టమ్మకు పిల్లలు ఆలస్యమవుతారు. నాకైతే ఆలస్యం కాదు, చావే.

నువ్వు ఆస్పత్రిలో నోరు తెరవలేదు. ఆ ఋణం మరిచిపోను.

రామలక్ష్మి

*

చిక్కబళ్ళాపురం,
6 జూలై 1968

రామలక్ష్మీ,

ఋణం అనకు. నేను చేసింది తప్పు. నీకు నీతి చెప్పే స్థానంలో లేను. అయినా చెబుతున్నాను.

ఆలస్యం కాదు అది. ఆమెను గొడ్డుదని ఊరంతా అంటోంది. బయ్యప్పకు ఇంకొక పిల్లను చూస్తున్నామని మీ అత్త ఆ రోజు ఆయాతో అంటుంటే విన్నాను. వినాయక చవితిలోపు మీ అత్తకు చెప్పు. లేదా నేను వచ్చి చెబుతాను. మాత్రలు పోయినా వేరే దారి వెతుకుదాం.

యశోద

*

చింతామణి,
19 సెప్టెంబరు 1968

అక్కా,

చెప్పలేదు. చెప్పకుండానే సరిచేద్దామని చూశాను. అది ఇట్లా అయింది.

పిల్లలకని నువ్వు పంపిన విటమిన్ మాత్రలు చూడటానికి ఇంచుమించు అట్లాగే ఉన్నాయి. పుట్టమ్మ పాకెట్టులోవి తీసేసి ఒక చిన్న డబ్బాలో అవి పోశాను. పాకెట్టు తడిసిపోయిందని అత్తతో అన్నాను. అత్త రోజూ ఆ డబ్బాలో నుంచే ఇచ్చింది. ఈ పంటకు బయట పడకపోతే బతికిపోయాం, ఆ తరువాత కడుపు వస్తుంది, ఎవరికీ ఏమీ తెలియదు అనుకున్నాను.

నాలుగో జ్వరం లేచిన మూడో రోజు. ఇద్దరం మేత వేస్తున్నాం. పుట్టమ్మ పైతట్ట అందుకోవడానికి మడమలెత్తింది. చీర వెనక మరక నేను చూశాను. ఆమెకు తెలియదు. మాత్ర మింగుతున్నాను కదా అని ధైర్యంగా ఉంది. నేను చెయ్యి పట్టుకుని బయటికి లాగబోయాను. అత్త గడపలో ఉంది.

మరునాటి నుంచి పురుగులు మేత ముట్టలేదు. మూడు రోజుల్లో మెత్తబడి, నల్లబడి వాసన వచ్చాయి. తట్టలతో సహా గుంటలో పోశారు. ఒక్క గూడు కట్టలేదు.

అత్త పుట్టమ్మ జుట్టు పట్టుకుంది. "మాత్ర మింగినట్టు మింగి ఊంచినావా? నీ కడుపు పండలేదని నా పంట కూడా పండకూడదనుకుంటివా?" అంది.

"లేదత్తా, నీ చేత్తోనే కదా ఇచ్చినావు! అక్కా, నువ్వు చెప్పక్కా, నేను మింగింది నువ్వు చూసినావు కదా!"

"మింగింది. నేను చూశాను" అన్నాను. అంతవరకే చెప్పాను.

రామలక్ష్మి

*

చిక్కబళ్ళాపురం,
2 అక్టోబరు 1968

రామలక్ష్మీ,

ఆ వారమంతా ఇక్కడ కూడా వాన. తడి ఆకు వేస్తే పురుగుకు ఆ రోగం వస్తుందని పట్టుపరిశ్రమ చూసే రేష్మె ఇలాఖా వాళ్ళు ప్రతి ఊళ్ళో చెబుతున్నారు. మీ ఊళ్ళో ఇంకెన్ని ఇళ్ళలో పంట పోయిందో కనుక్కో. ఆ ఇళ్ళలో పుట్టమ్మ లేదు.

మీ అత్త నమ్మదు. తెలుసు.

చవితికి వస్తానన్నాను, రాలేదు. సెలవు దొరకలేదని రాయవచ్చు. దొరికింది. బస్టాండు దాకా వచ్చి తిరిగిపోయాను. నేను చెబితే నీకేమవుతుందో అన్న లెక్క నేనూ వేశాను. ఇప్పుడు నన్ను బాగేపల్లి ఆస్పత్రికి మార్చారు. వచ్చే నెలలో చేరాలి. చెప్పవలసింది ఇప్పుడే. ఈ పంట పోయాక వాళ్ళు ఆ పిల్లను ఉంచుకోరు.

యశోద

*

చింతామణి,
30 నవంబరు 1968

అక్కా,

మా ఊళ్ళో ఏడిళ్ళలో పోయింది. అత్తకు చెప్పాను. "వాళ్ళిళ్ళలో ఏ ముండ గడప తొక్కిందో ఎవురికి ఎరిక" అంది.

బయ్యప్పకు మొన్న పెళ్ళయింది. మొదటి పెళ్ళాం ఉండగా చేస్తే చట్టం ఒప్పుకోదని మా ఆయన అన్నాడు. ఊరిపెద్ద, పటేలు వెంకటరామప్పే వచ్చి తాంబూలం అందుకున్నాడు.

అంతకు వారం ముందు పుట్టమ్మను వాళ్ళ నాయన వచ్చి పిలుచుకుపోయాడు. గొడవ పడలేదు. తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని వాకిట్లోనే నిలబడ్డాడు. బయ్యప్ప తోటలోకి పోయి పొద్దుగూకేదాకా రాలేదు. పుట్టమ్మ నా చిన్నదాన్ని ఎత్తుకుని, "ఏం పాపా, నాతో చాకవేలుకి వస్తావా? యాడికైనా ఒకరు తోడుండాల కదా" అంది. పాప వస్తానంది. ఆమె నవ్వి దింపేసింది. నా వైపు తిరిగి, "నువ్వొకదానివే అక్కా, నన్ను ఒక మాట కూడా అనలేదు" అంది.

అప్పుడు చెప్పవలసింది. అత్త ఉంది, మా ఆయన ఉన్నాడు, వాళ్ళ నాయన ఉన్నాడు. చెప్పలేదు.

మాత్రలు ఇంకా పది రోజులకు ఉన్నాయి.

రామలక్ష్మి

*

బాగేపల్లి,
26 జనవరి 1969

రామలక్ష్మీ,

డిసెంబరులో పంపిన మాత్రలు అయిపోవచ్చి ఉంటాయి, ఇంకొన్ని పంపుతున్నాను. నీ ఒక్కదానికే.

కిందటి ఆదివారం చాకవేలు వెళ్ళాను. పుట్టమ్మ కళ్ళంలో వేరుశనగకాయలు ఒలుస్తోంది. నన్ను చూసి లేచి చాప వేసింది. పిల్లలెట్లా ఉన్నారని ముందు నీ నలుగురి పేర్లూ అడిగింది. ముఖం మీద మంగు కాస్త తగ్గింది.

అంతా చెప్పాను. మాత్ర ఏమిటో, నీకు ఎందుకిచ్చానో, ఆస్పత్రి కాగితంలో ఏమి రాశానో, విటమిన్ మాత్రల సంగతి, అన్నీ. ఆమె మధ్యలో ఆపలేదు, అడ్డం రాలేదు. ఒలవడం కూడా ఆపలేదు.

అయ్యాక, "అయితే నాలో ఏమీ కొరత లేదా?" అంది.

లేదన్నాను.

"రామలక్ష్మక్క ఇంకొక బిడ్డను కంటే సచ్చిపోతుందా?"

అవునన్నాను.

మీ అత్తతో మాట్లాడతాను, బయ్యప్పతో మాట్లాడతాను అన్నాను. "ఇప్పుడెందుకమ్మా? ఇంకొకామె వచ్చినాది. ఆమె యేం పాపం చేసింది?" అంది. తరువాత అన్న మాటను ఆమె అన్నది అన్నట్టే రాస్తున్నాను.

"అత్తకు చెప్పే పనేముండె? నాకు ఒకదానికి చెప్పింటే చాలు కదమ్మా. అత్త ఇచ్చినప్పుడు నోట్లో వేసుకుని, అవతలికి పోయి ఊంచేద్దును. బయట పడే దినాలకు కడుపునొప్పి అనో, కాలు బెణికిందనో పురుగులింటికి దూరంగా ఉందును. అక్క మాత్రలు అక్కకుండు. నా బిడ్డ నాకుండు. నేనేమన్నా ఊరంతా చాటేదాన్నా?"

ఏడాదిగా నువ్వు రాసిన ఉత్తరాలన్నీ మళ్ళీ తీసి చదివాను, నేను రాసినవి గుర్తు చేసుకున్నాను. మీ అత్తకు చెప్పాలా వద్దా అని తప్ప వాటిలో ఇంకొక మాట లేదు. పుట్టమ్మకు చెప్పడం అనేది నువ్వు రాయలేదు. నేనూ రాయలేదు.

వచ్చేటప్పుడు ఆమె ఒక గుడ్డలో కాయలు కట్టి ఇచ్చింది. "పిల్లలకి" అంది. నేను తీసుకున్నాను. లక్ష్మణప్పతో పంపుతున్నాను.

యశోద

*

చింతామణి,
11 మార్చి 1969

అక్కా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. కాయలు పిల్లలు తిన్నారు. ఎవరిచ్చారని చిన్నది అడిగింది. చెప్పాను. పుట్టమ్మ చిన్నమ్మ ఎప్పుడొస్తుందని అడుగుతోంది.

ఈ వారం కొత్త పంటకు మొట్టెలు తెచ్చారు. తట్టలు కడిగి, పేడతో అలికి ఆరబెట్టాం. నిన్న రాత్రి అత్త, "కొత్తదానికి కూడా ఒకటియ్యి, ఇప్పటి నుంచే అలవాటు కానీ" అని చెంబు తెచ్చింది. ఇచ్చాను. ఆ పిల్ల మింగబోతుంటే కాలితో కాలు తొక్కాను. తెలివైనది, నోట్లో పెట్టుకుని ఊరకున్నది. తరువాత గోడ వెనక ఊసేసింది.

ఈ పొద్దున ఆకు కోయడానికి మేమిద్దరమే పోయాం. తోటలో అంతా చెప్పాను. అది పిల్లలు పుట్టకుండా ఆపే మాత్ర అని, నేను మింగకపోతే బతకనని, నువ్వు మింగితే నీకు బిడ్డలు పుట్టరని, అత్తకు తెలియకూడదని. దాక్కుని ఊసేయడం ఎట్లాగో, బయట పడే ముందు ఏ సాకు చెప్పాలో కూడా చెప్పాను. పుట్టమ్మ నీతో అన్నవే చెప్పాను.

ఆ పిల్లకు పద్దెనిమిదేళ్ళు. ఆకు గంప దింపి అంతా విన్నది. ఎవరికీ చెప్పనని తల మీద చెయ్యి పెట్టుకుంది. తరువాత, "అక్కా, ఈ మాట పుట్టమ్మక్కకు కూడా చెప్పింటివా?" అని అడిగింది.

నేను ఆకు కోసుకుంటూ ముందు వరుసలోకి పోయాను.

రామలక్ష్మి